నాపరాయి అడుగువైపు

ఎర్రగుంట్లలో మాది పాలిష్ పని.
తెల్లారుజామున మిషన్ కింద రాయి పెడితే
పొద్దెక్కేసరికి అందులో నా మొహం కనపడతాది.
అడుగువైపు మాత్రం ఎవరూ ముట్టరు.
గని నుంచి ఎట్లొచ్చిందో అట్లే, గరుకుగా, మట్టితో,
జన్మంతా సిమెంటు కింద దాక్కుంటాది.
కొనేవాడు కూడా తిప్పి చూడడు.

సంఘంలో నేను పెద్దని.
కానుక సంచి పట్టేది నేను,
అయ్యగారు ఊరికి పోతే వాక్యం చెప్పేది నేను.
ప్రార్థన మొదలుపెడితే మైకు అక్కర్లేదంటారు.
"జెకర్యా గుండె అద్దంరా" అన్నెది ఒకసారి దీనమ్మవ్వ.
అద్దమే అవ్వా.
ఒకవైపే.

మా యమ్మ తబితమ్మ పోయి మూడేండ్లు.
ఆమె రాయి నేనే కోసినా, నేనే నునుపు చేసినా.
పేరు. పుట్టిన ఏడు తెలీక ఖాళీ. పోయిన తేదీ.
కింద, "కుమారుడు: జెకర్యా".
తమ్ముడు యోనా ఖర్చులో సగం ఇయ్యలేదని.
పదకొండు వందలు.
చెక్కే ఆయన ఉలి ఆపి అడిగినాడు,
"ఇద్దరు గదప్పా మీరు?"
"రాయి చాలదులే" అంటి.
నాలుగు వేళ్ల జాగా మిగిలే ఉండింది.

ఆ తర్వాత ఎన్ని ఆదివారాలు!
బల్ల దగ్గర మోకాళ్లూని రొట్టె తీసుకున్నా.
నాలిక మీద కరిగింది గానీ లోపలికి దిగలేదు.
మా ఊరి ఫ్యాక్టరీ దుమ్ము చూసినారా,
గాలికొచ్చి రేకుల మీద పిండి మాదిరి మెత్తగా పడతాది.
ఆ పొద్దే చీపురేస్తే పోతాది.
రేపు చూద్దాంలే అంటే
రాత్రి మంచు తగిలి పట్టేస్తాది, గడ్డపారకు గూడా లేయదు.
నాది మూడేండ్ల మంచు.
చేసిన ప్రతి ప్రార్థనా తడిపింది,
ప్రతి తడీ బిగించింది.

ఈ ఈస్టరు నాడు చీకటితోనే
కొవ్వొత్తులు పట్టుకొని సమాధుల కాడికి పోయినాం.
పాట ముందు నాదే.
అమ్మ దగ్గరికొచ్చి ఆగిపోయినా.
ఎవరో మాకంటే ముందే వచ్చి పోయినారు.
కంప పీకేసి, నాలుగు పక్కలా సున్నం కొట్టి,
తలకాడ గుప్పెడు కనకాంబరాలు.
సున్నం ఇంకా తడి.
మట్టిలో కాలిగుర్తు, కుడిపాదం కొంచెం ఈడ్చినట్టు.
గనిలో బండ పడిన కాలు అది.
ఆ పొద్దు వాణ్ణి జమ్మలమడుగు ఆసుపత్రికి
భుజాన మోసినోణ్ణి నేనే.

వంగి చూసినా.
రాయి అంచుదాకా వచ్చి సున్నం ఆగింది.
నా పేరులో, "ర్యా" గుంటలో, ఒక్క చుక్క పడినట్టుంది,
దాన్ని పుల్లతో తీసిన సన్నటి గీత.

సున్నం కొట్టిన సమాధి అంటే వేషధారి అని
పీఠం మీద నిలబడి నేనే ఎన్నిసార్లు చెప్పినానో.
సున్నం కొట్టినోడు మట్టికాళ్లతో ఇంటికి పోయినాడు.
సమాధి, కొవ్వొత్తి పట్టుకొని నిలబడింది.

"పాట ఎత్తన్నా" అన్నారు వెనక నుంచి.
గొంతు పెగల్లేదు.
మైనం కారి చేతిమీద పడింది. కాలింది.
దేవా, కాలేది తెలిసింది,
ఎన్నాళ్లకు.

ఎండెక్కినాక ఉలి తీసుకొని మళ్లీ పోయినా, ఒక్కణ్ణే.
మిషన్ అలవాటైన చెయ్యి, సుత్తి మాట వినదు.
పాలిష్ పడితే రాయి మెరుస్తాది, అంతే.
అక్షరం నిలవాలంటే
రాయి కొంత పోవాల్సిందే.

నాలుగు వేళ్ల జాగా.
రెండక్షరాల పేరు.
"యో" వంకరగా వచ్చింది, అరగంట పట్టింది.
రెండోది చెక్కబోతూ చూసుకున్నా,
అది "నా".

ఆ అక్షరం కాడ చెయ్యి ఆగింది.
దాన్ని చెక్కేముందు
వాడి వాకిట్లో నిలబడాల,
పదకొండు వందల మాట ఎత్తకుండా.
ఏమని పిలవాలో తెలీదు. వాడు బయటికి వస్తాడో రాడో.

ఉలి అక్కడే పెట్టి లేచినా.
మోకాళ్ల నిండా రాతిపొడి.
దులుపుకోలేదు.